వాడు తప్పుకుంటే మావాడికే చోటు, మరి నేనెలా చెప్పనండి?

ఈసారి ఉత్తరం అమలాపురం దగ్గర ఒక పల్లె నుంచి ఒక అమ్మ రాసారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు, వేయట్లేదు, గుర్తుపట్టేలా ఉన్న ఒకట్రెండు వివరాలు నేనే మార్చాను. చాలా పెద్ద ఉత్తరం, అందులో అసలు సంగతి ఇదీ.

ఆవిడ కొడుకు హైస్కూల్లో పదో తరగతి, కుస్తీ ఆడతాడు. కోనసీమలో కుస్తీ ఏంటని నాకూ అనిపించింది, మన వైపు పిల్లలంటే కబడ్డీ, వాలీబాలే కదా. వాళ్ళ స్కూలుకి బదిలీ మీద వచ్చిన పీఈటీ సారు కాలేజీ రోజుల్లో రెజ్లింగ్ ఆడినాయనంట, పది పన్నెండు మంది పిల్లల్ని పోగేసి ఊరి కమ్యూనిటీ హాల్లో పాత మ్యాట్లు పరిచి నేర్పిస్తున్నారు. అందులో ఈవిడ కొడుకూ, పక్కవీధి కుర్రాడూ ప్రాణ స్నేహితులు, ఇద్దరిదీ ఒకే బరువు. జిల్లా సెలెక్షన్లకి స్కూలు నుంచి ఆ బరువులో ఒక్కడినే పంపిస్తారు, ఆ ఒక్కడూ ఎప్పుడూ స్నేహితుడే. ఈవిడ కొడుకు రెండోవాడు.

మిగతాది ఆవిడ మాటల్లోనే ఇస్తున్నా:

"శుక్రవారం సాయంత్రం సారు మీటింగుందని మండలానికెళ్ళారండి, పిల్లలే ప్రాక్టీస్ చేసుకుంటున్నారు. మావాడు వాడ్ని నడుం పట్టుకుని ఎత్తి వెనక్కి పడేసాడంట, రోజూ చేసే పట్టే, కానీ ఇద్దరూ ఆడుతూ ఆడుతూ మ్యాట్ చివరకొచ్చేసారు, వాడి తల వెనకాల గచ్చుకి కొట్టుకుంది. కాసేపు కళ్ళు తేలేసాడంట. లేచాక 'ఎవరు గెలిచార్రా' అన్నాడు, మావాడు చెప్పాడు, మళ్ళీ అదే అడిగాడు, మళ్ళీ అదే. ఇంటికొస్తూ కాలవగట్టు మీద సైకిలాపి వాంతి చేసుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని మావాడి చేత నా మీద ఒట్టేయించుకున్నాడు. మావాడు రెండు రాత్రులు నిద్రపోకుండా నిన్న నా దగ్గర ఏడ్చేసాడండి. వాడికి ఇంకా తలనొప్పి ఉందంట, ఎండలోకి రాలేకపోతున్నాడంట, వాళ్ళ నాయనమ్మ అడిగితే సెలెక్షన్లకి బరువు తగ్గాలని అన్నం మానేసానుగా అందుకే అని చెప్తున్నాడంట. వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటిపనికెళ్ళింది, నన్ను వదినా అంటది, వెళ్ళేటప్పుడు నా చేతులు పట్టుకుని మావోణ్ణి ఓ కంట కనిపెట్టు వదినా అని మరీ ఎళ్ళింది. నాన్న కొబ్బరి దింపులకెళ్తాడు, పొద్దున్న పోతే రాత్రికే. సెలెక్షన్లు ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆ కుర్రాడికి ఇదే ఆశ, సర్టిఫికెట్ వస్తే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం కొడతానంటాడు. ఇప్పుడు నేను నోరు విప్పితే వాడు ఆగిపోతాడు, మావాడు వెళ్తాడు. పైగా పడేసింది మావాడే. ఊళ్ళో ఏమనుకుంటారండి? కావాలని పడేసి, ఆనక తల్లిచేత చెప్పించి చోటు కొట్టేసాడనరా? మా ఆయనేమో మనకెందుకొచ్చిన గొడవ, హెడ్‌గార్డ్ ఒకటి కొనిచ్చి ఆడుకోమను అంటున్నారు. మావాడేమో ఇక కుస్తీయే మానేస్తానంటున్నాడు. నన్నేం చేయమంటారు?"

అమ్మా, మీ మెయిల్ చూసిన రాత్రే మీకు నాలుగు లైన్ల జవాబు పెట్టేసాను, ఇలాంటివాటికి కాలమ్ వచ్చేదాకా ఆగకూడదు. అందులో రాసింది ఇక్కడా చెప్తాను, ఎందుకంటే చదివేవాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలుంటారు. స్పృహ తప్పి, అడిగిందే అడిగి, వాంతి చేసుకున్న పిల్లాడిని ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఆ రోజు కుదరకపోతే తెలిసిన రోజు. తలనొప్పి తగ్గకుండా పెరుగుతూ పోతున్నా, వాంతులు మళ్ళీ మళ్ళీ అవుతున్నా, లేపితే లేవలేనంత మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, రెండేసి కనపడుతున్నా, ఒక కంటిపాప పెద్దదీ ఒకటి చిన్నదీగా ఉన్నా, మెడ బాగా నొప్పెట్టినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాగా కారినా ఇంక ఎవరి పర్మిషన్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేసేయడమే. అప్పుడు చోటు ఎవరిదీ, ఊరేమనుకుంటదీ ఇవేవీ గుర్తుకి రాకూడదు. ఇంకోటి, ఆర్ఎంపీ దగ్గరకి తీసుకెళ్ళి ఓ ఇంజెక్షనూ ఓ సెలైనూ పెట్టించేసి అయిపోయిందనుకోవద్దు. అమలాపురం ఏరియా ఆసుపత్రికెళ్ళండి, వాళ్ళు పంపిస్తే ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ జీజీహెచ్. డాక్టరు చెప్పకుండా బ్రూఫెన్, డిస్ప్రిన్ లాంటి బిళ్ళలు వేయొద్దు, లోపల ఎక్కడన్నా రక్తం కారుతుంటే అవి ఎక్కువ చేస్తాయి.

ఇంక నెమ్మదిగా మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో మూడు ముళ్ళు కలిసిపోయాయి. ఒకటి ఆ పిల్లాడి తల. రెండోది సెలెక్షన్లో చోటు. మూడోది పడేసింది మీవాడు అనే మాట. మూడూ ఒకే ముడి అనుకుని లాగుతున్నారు కాబట్టి ఎటు లాగినా బిగుస్తోంది. మొదటిదానికి మిగతా రెంటితో సంబంధం లేదండి. మీకు లాభం ఉన్నంత మాత్రాన మీరు చెప్పేది అబద్ధం అయిపోదు, మీ అబ్బాయి వేరే బరువులో ఆడుతుంటే ఇదే మాట ఒక్క నిమిషం ఆలోచించకుండా వాళ్ళింటికెళ్ళి చెప్పేసేవారు, అవునా కాదా?

తల సంగతి. డాక్టరు చూసి చెప్పాలి గానీ మీరు రాసిన గుర్తులన్నీ కంకషన్ వైపే చూపిస్తున్నాయి. మన కోనసీమలో చెప్పుకోవాలంటే ముదురు కొబ్బరికాయ పట్టుకుని గట్టిగా ఊపండి, పైన పీచు చెక్కుచెదరదు, పెంకు పగలదు, లోపల నీళ్ళు మాత్రం కొట్టుకుంటాయి. తల లోపల మెదడు అలా ఒక్కసారి కుదుపుకి గురవుతుంది. పైన బొప్పి కూడా ఉండకపోవచ్చు. చాలామందికి అసలు స్పృహే తప్పదు, కాబట్టి పడిపోలేదుగా ఏం కాలేదులే అనేది తప్పు లెక్క. సీటీ స్కాన్ తీసి నార్మల్ అన్నా కంకషన్ లేదని కాదు, స్కాన్లో కనపడేది రక్తం కారడం, ఎముక చిట్లడం లాంటివి. ఈ మాట ముందే తెలుసుకోండి, లేకపోతే రేపు వాళ్ళ నాన్న ఆ రిపోర్టు పట్టుకుని "నార్మలే అన్నారుగా, ఆడనివ్వండి" అంటాడు, మీ దగ్గర జవాబుండదు.

బరువు తగ్గించుకోవడం వల్ల తలనొప్పి అంటున్నాడు చూసారా, అది తెలివైన అబద్ధం, అందుకే భయం. అన్నం నీళ్ళు మానేసినా తలనొప్పి వస్తది, కళ్ళు తిరుగుతాయి, కాబట్టి ఆ ముసలావిడే కాదు సారు కూడా నమ్మేస్తారు. రెండూ కలిసి ఉండొచ్చు కూడా. అసలు పదిహేనేళ్ళ పిల్లాడు అన్నం మానేసి బరువు దింపడం దానికదే ఓ ప్రమాదం. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్ళు కొద్ది వారాల తేడాలో బరువు దింపుతూనే చనిపోయారు, ఆ తర్వాతే అక్కడ చెమట పట్టించే రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు. వాళ్ళ హైస్కూలు నియమాల్లో ఇప్పుడు వారానికి ఒంటి బరువులో 1.5 శాతం మించి తగ్గకూడదు. అంటే 50 కేజీల పిల్లాడు వారానికి 750 గ్రాములు, అంతే. మన పిల్లలు రెండ్రోజుల్లో రెండు కేజీలు దింపి గొప్పగా చెప్పుకుంటారు. ఇది మీవాడికి కూడా వర్తిస్తుంది, ఓసారి అడగండి.

ఇంతకీ ఆడితే ఏమవుతుంది? చాలాసార్లు ఏమీ కాకపోవచ్చు, అందుకే జనం దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ మొదటి దెబ్బ మానకుండా రెండో దెబ్బ పడితే తలనొప్పులు, మతిమరుపు నెలల తరబడి సాగొచ్చు, అరుదుగా మెదడు ఒక్కసారి వాచిపోయి ప్రాణమే పోవచ్చు, ఇది పిల్లల్లోనే ఎక్కువ చూసారు. 2006లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ళ పిల్లాడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో తలకి దెబ్బ తగిలాక కాసేపు కూర్చుని మళ్ళీ ఆడాడు, ఆట అవగానే కుప్పకూలాడు. బతికాడు గానీ మళ్ళీ నడక నేర్చుకోవడానికే ఏళ్ళు పట్టింది. 2009లో అతని పేరుమీద చట్టం వచ్చింది, అనుమానం వస్తే బయటికి తీసేయాలి, వైద్యం తెలిసినవాళ్ళు రాసిస్తే గానీ తిరిగి ఆడించకూడదు అని. 2014 కల్లా అక్కడి రాష్ట్రాలన్నీ ఇలాంటి చట్టాలు చేసేసుకున్నాయి.

మీకు అంతకంటే దగ్గరగా ఉండే కథ ఇంకోటుంది. కెనడాలో ఒట్టావాలో రోవాన్ స్ట్రింగర్ అని 17 ఏళ్ళ అమ్మాయి, స్కూల్లో రగ్బీ ఆడేది. 2013 మే నెలలో కొద్ది రోజుల్లోనే వరసగా తలకి దెబ్బలు తగిలాయి, చివరి ఆటలో పడిపోయి చనిపోయింది. తనకి కంకషన్ అయ్యుంటుందని ఆ పిల్లకి అనుమానం వచ్చింది, స్నేహితులకి మెసేజ్‌లు పెట్టింది. అమ్మానాన్నలకి తెలీదు. ఒంటారియో రాష్ట్రంలో 2018లో ఆమె పేరుమీదా చట్టం వచ్చింది. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు చెప్పింది. స్నేహితులకి తెలిసి పెద్దలకి తెలియకపోవడం అనేది మీ ఊరి సంగతి మాత్రమే కాదు, ప్రపంచం మొత్తం మీద ఈ వయసు పిల్లలు ఇలాగే చేస్తారు. మీవాడు రెండు రాత్రులే ఆగి మీకు చెప్పేసాడు. ఒట్టు తప్పాడని బాధపడుతుంటే ఈ సంగతి వాడికి చెప్పండి.

ఎవరికి ఎలా చెప్పాలి? నాలుగు దారులు కనపడుతున్నాయి నాకు, నాలుగింటికీ వాటి వాటి చిక్కులున్నాయి.

ఆ పిల్లాడి చేతే చెప్పించడం అన్నిటికంటే మర్యాద. మీవాడు వెళ్ళి "ఒరేయ్, మా అమ్మకి చెప్పేసాన్రా, నాకు భయమేసింది, రాత్రికి మీ నాన్నకి నువ్వు చెప్తావా, నన్ను పక్కన ఉండమంటావా" అని అడగడం. తిడతాడు. రెండ్రోజులు మాట్లాడకపోవచ్చు. కానీ వెనకనుంచి కాకుండా ఎదురుగా చెప్పాడన్నది మిగులుతుంది, ఆ వయసులో అది పెద్ద విషయం. చిక్కేంటంటే వాడు సరే సరే అని చెప్పకుండా దాటేస్తాడు. అందుకే దీనికి ఒక్క సాయంత్రం గడువు, అంతకంటే ఇవ్వొద్దు.

రెండోది మీరే వాళ్ళ నాన్న దగ్గరికెళ్ళడం. నాయనమ్మకి చెప్తే దిష్టి తీసి పడుకోబెడతది పాపం, ఆవిడ ప్రేమని తప్పుపట్టలేం, కానీ ఆసుపత్రికి తీసుకెళ్ళేది నాన్నే. రాత్రి దింపుల నుంచి వచ్చి స్నానం చేసి తిన్నాక వెళ్ళండి, మీ ఆయన్ని కూడా తీసుకెళ్ళండి, ఆయనకి ఇష్టం లేకపోయినా. వెళ్ళగానే మొదటి మాటే "అన్నయ్యా, మావాడే పడేసాడు, ఇద్దరూ ఆడుకుంటుంటే జరిగింది" అనేయండి. రెండో మాట "నీ కొడుకు ఆగితే మావాడికి చోటొస్తది, అది నాకూ తెలుసు, అయినా చెప్పడానికొచ్చా". ఎవరో అనబోయే మాట మీరే ముందు అనేస్తే తర్వాత దాంతో మిమ్మల్ని పొడవడానికి ఎవరికీ పెద్దగా మిగలదు. ఆయనకి కోపం రావచ్చు, ఒక రోజు కూలి పోతుందని విసుక్కోవచ్చు, వినేసి ఊరుకోవచ్చు కూడా. ఊరుకుంటే "రేపు నేను తీసుకెళ్తాను, ఆధార్ ఇచ్చి పంపు" అనండి, చాలామంది తండ్రులకి ఆసుపత్రి అంటే బెరుకు, తోడుంటే వస్తారు.

వాళ్ళమ్మకి ఇమోలో ఫోన్ చేయడం మూడోది. పిల్లాడిని మీకు అప్పజెప్పి వెళ్ళింది కాబట్టి మీ మనసు అటే పోతోందని అర్థమవుతోంది. కానీ ముందు ఆవిడకి చెప్తే అంత దూరంలో ఉండి ఏం చేయగలదు, ఏడుస్తుంది, మొగుడి మీద అరుస్తుంది, సేఠ్ ఇంట్లో పని చేసుకోలేదు. డాక్టరు చూసాక, చెప్పడానికి ఏదో ఒకటి చేతిలో ఉన్నాక చేయండి. అయితే చెప్పకుండా మాత్రం ఉండొద్దు, ఆరు నెలలకి ఇంకెవరో చెప్తే అప్పుడు పోయే వదినా అనే పిలుపు మళ్ళీ రాదు. వాళ్ళ నాన్న అస్సలు కదలకపోతే అప్పుడు ఆవిడే దిక్కు, వెంటనే చేసేయండి.

నాలుగోది సారు. ఆయనకి తప్పనిసరిగా తెలియాలి, కానీ మొదటగా కాదు. ఆయన లేనప్పుడు ప్రాక్టీస్ జరిగింది కాబట్టి ముందు ఆయన గుండె జారిపోద్ది, కంప్లెయింట్ పెడతారేమోనని మొత్తం కుస్తీయే ఆపేయొచ్చు, లేదా ఏం కాలేదులెండి అని కప్పేయొచ్చు. సొంత ఖర్చుతో పిల్లలకి నేర్పించే సార్లని ఇలా పోగొట్టుకోవడం నాకు బాధే. అందుకని తప్పెవరిదీ అనకుండా "సారూ, పిల్లాడికి తలకి తగిలింది, డాక్టరు రాసిచ్చేదాకా మ్యాట్ ఎక్కనివ్వకండి" అని అడగండి, అదీ వాళ్ళ నాన్నతో కలిసి. అంతకుమించి ఒక్క మాట: మళ్ళీ ఎప్పుడు ఆడాలో సారు గానీ మీరు గానీ ఆ పిల్లాడు గానీ తేల్చేది కాదు, డాక్టరు తేల్చాలి. అలా అయితే సారు మీద కూడా బరువు తగ్గుద్ది, పేరు జాబితాలోంచి తీసేసింది ఆయన కాదు కదా.

ఐదో దారి ఉంది, ఊరుకోవడం. మీ ఆయన చెప్పింది అదే. వాడు ఆడి బాగానే వచ్చేస్తే ఎవరికీ తెలియకుండా పోద్ది. బాగా రాకపోతే, మీకు తెలుసన్న సంగతి మీకు తెలుసు, మీ కొడుక్కి తెలుసు. దీని గురించి ఇంకేం రాయను.

ఇప్పుడు చోటు సంగతి. ఇక్కడ మీకు క్రికెట్ చెప్తే తేలిగ్గా అర్థమవుద్ది. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ వేసిన బంతి ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ మెడ దగ్గర తగిలింది. బయటికెళ్ళాడు, డాక్టరు పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు, తిరిగొచ్చి ఆడాడు, 92 దగ్గర అవుటయ్యాడు. మర్నాటికి తలనొప్పి, మత్తు. లక్షణాలు మర్నాడు కూడా బయటపడతాయన్నమాట, ఇది గుర్తుపెట్టుకోండి. అతని బదులు లబుషేన్ దిగాడు, టెస్టుల్లో అలా దిగిన మొదటి ఆటగాడు, 59 కొట్టాడు, ఆ తర్వాత జట్టులో పాతుకుపోయాడు. మరి స్మిత్ చోటు కొట్టేసాడని అతన్నెవరూ అనలేదు. స్మిత్ ఒక టెస్టు మానేసి, తిరిగొచ్చిన టెస్టులో 211 కొట్టాడు. అదే 2020 డిసెంబర్లో కాన్‌బెర్రాలో జడేజా హెల్మెట్‌కి బంతి తగిలితే బదులుగా చాహల్ వచ్చి మూడు వికెట్లు తీసేసరికి ఆస్ట్రేలియా కోచ్ లాంగర్ మ్యాచ్ రిఫరీతో గొడవపడ్డాడు, ఇదేం న్యాయం అని. అనేవాళ్ళు అక్కడా అన్నారు. అయినా కంకషన్ అయినవాడి బదులు ఇంకొకణ్ణి దింపొచ్చన్న ఆ నియమం తీసేయలేదు, ఎందుకంటే బదులు ఆటగాడు లేకపోతే దెబ్బ తగిలినవాడు దాచిపెట్టి ఆడతాడు. రెండోవాడు ఉండేదే మొదటివాడు ఆగాల్సి వచ్చినప్పుడు వెళ్ళడానికి. అది దొంగతనం కాదు.

అయినా మీ మనసు ఒప్పుకోకపోతే, చెప్పడం ఒక రోజు, చోటు తేల్చడం ఇంకో రోజు పెట్టుకోండి. చోటు గురించి మీరూ మీవాడూ అడగొద్దు. సారే అడిగితే అప్పుడు మీవాడు వెళ్ళొచ్చు, వద్దనుకుంటే మానొచ్చు. వెళ్ళడమే మంచిదని నా ఉద్దేశం, మీవాడు మానేసినంత మాత్రాన ఆ పిల్లాడి తల త్వరగా బాగవదు, ఆ బరువులో మీ స్కూలు ఖాళీగా మిగులుద్ది అంతే. కానీ వెళ్ళే ముందు స్నేహితుడికి వాడే చెప్పాలి, ఇంకెవరి నోటినుంచో తెలియకూడదు. బాగయ్యాక ఇద్దరికీ ఓ కుస్తీ పెట్టి ఎవరు ముందో మళ్ళీ తేల్చమని సార్ని అడిగితే ఇంకా బావుంటుంది, ఆ పిల్లాడికి కూడా నా చోటు శాశ్వతంగా పోలేదన్న ధైర్యం. వాడికి 15 అన్నారు, పుట్టినతేదీని బట్టి వచ్చే ఏడు కూడా అండర్-17లోనే ఉండొచ్చు, సార్ని అడిగి ఖాయం చేసుకుని ఆ మాట వాడితో చెప్పండి. ఇప్పుడు వాడికి ఇదే ఆఖరి బస్సులా కనపడుతోంది.

పడేసింది మీవాడే అన్న ముడి. ఎత్తి వెనక్కి వేయడం అంతర్జాతీయ కుస్తీలో తప్పు కాదు, బాగా ఎత్తు నుంచి వేస్తే అయిదు పాయింట్లు ఇస్తారు. అమెరికా హైస్కూలు కుస్తీలో మాత్రం నియమం వేరు, ఎత్తినవాడే అవతలివాడిని క్షేమంగా కింద దించాలి, బలంగా కొట్టేస్తే తప్పు, అలా తగిలి అవతలివాడు ఆడలేకపోతే గెలుపు దెబ్బ తగిలినవాడిదే. స్కూలు పిల్లలకి నాకైతే ఆ పద్ధతే నచ్చుతుంది. మీవాడు కావాలని చేయలేదు, మ్యాట్ చివరకొచ్చామని ఇద్దరూ చూసుకోలేదు, చూసి ఆపాల్సిన పెద్దమనిషి అక్కడ లేడు. పోటీ మ్యాట్ మీద 9 మీటర్ల వృత్తం చుట్టూ ఇంకో మీటరున్నర మెత్తటి అంచు పెట్టేది ఇందుకే. మీ కమ్యూనిటీ హాల్లో అంత జాగా ఉండకపోవచ్చు, కానీ గోడ పక్కన గచ్చు మీద పాత పరుపులన్నా వేయొచ్చు, ఎత్తి వేసే పట్లు సారు లేనప్పుడు చేయకూడదని పెట్టుకోవచ్చు. వాడ్ని "నీ తప్పేం లేదు" అని ఊరికే ఓదార్చకండి, నమ్మడు. వెళ్ళి స్నేహితుడికి "నేను చూసుకోలేదురా" అని చెప్పమనండి, వాడికి కావాల్సింది అది.

పన్నెండు రోజుల్లో తేరుకుని ఆడేయొచ్చేమో అని వాళ్ళ నాన్న అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. జవాబు ఇలా చెప్పండి. మొదటి ఒకట్రెండు రోజులు విశ్రాంతి, ఫోన్ తక్కువ, అలాగని చీకటి గదిలో పడేయక్కర్లేదు. తర్వాత నెమ్మదిగా నడక, తలనొప్పి ఎక్కువ కాకుండా చదువు, ముందు క్లాసులో కూర్చోగలగాలి, ఆ తర్వాతే ఆట. ఆటలో కూడా మెట్లు మెట్లుగా, తేలికపాటి వ్యాయామం, పరుగు, ఒంటరిగా పట్లు, ఒక్కో మెట్టుకీ కనీసం 24 గంటలు. ఒంటికి ఒళ్ళు తగిలే ప్రాక్టీస్ మాత్రం లక్షణాలన్నీ పోయి, శ్రమ చేసినా రాకుండా, డాక్టరు సరేనన్నాకే. పిల్లలకి సాధారణంగా నాలుగు వారాల్లోపు తగ్గుద్ది, కొందరికి ఇంకా పట్టుద్ది. మూడోరోజుకీ వెలుతురు చూడలేకపోతున్నాడంటే ఈ సెలెక్షన్లకి అందుకోవడం కష్టమేనని ముందే మెల్లగా చెప్పేయండి. ఆశ పెట్టి ఆఖరి రోజు లాక్కోవడం కంటే నయం. పదో తరగతి కాబట్టి క్లాసు టీచరుకి కూడా చెప్పండి, ఓ పదిహేను రోజులు వాడు మరిచిపోయినా, చదవలేకపోయినా కొట్టకుండా.

మీ ఆయన చెప్పిన హెడ్‌గార్డ్ కొనండి, మంచిదే, కానీ చెవుల కోసం. కుస్తీ వాళ్ళకి చెవులు నలిగి ఉబ్బి ముద్దలా అయిపోతాయి చూడండి, అది రాకుండా కాపాడుద్ది. లోపల మెదడు కుదుపుని అది ఆపదు. ఆయనతో గొడవ పడకుండా ఈ ముక్క చదివి వినిపించండి.

ఇక మీవాడు కుస్తీ మానేస్తానంటున్నాడు కదా, ఇప్పుడు దానికి అవుననీ కాదనీ అనొద్దు. స్నేహితుడితో మాట్లాడటం అయ్యాక, వాడు డాక్టరు దగ్గరికెళ్ళొచ్చాక, ఓ వారం ఆగి అడగండి. కావాలంటే ఆ వారం ఇద్దరినీ కలిపి కాలవగట్టు మీద నడకకి పంపండి, అవతలివాడికి డాక్టరు ఎలాగూ నడవమంటాడు. ఆసుపత్రికి వెళ్ళొచ్చాక ఏం చెప్పారో నాకు ఒక లైను రాయండి, రిపోర్టులో ఏదన్నా అర్థం కాకపోతే ఫొటో తీసి పంపండి, తెలిసిన డాక్టరు గారిని అడిగి చెప్తాను.